దుర్యోధనుడి సింహాసనం రేకు

నాయనా బ్రహ్మం,

బస్సు తాళం బియ్యం డబ్బాలో ఉంది. స్టార్టు చేసే ముందు బానెట్ ఎత్తి, ఫ్యాన్‌ని చేత్తో ఒకసారి తిప్పి చూడు. రెక్కలు కొత్త రేకుకి తగలకూడదని రేకుపని భద్రాచారి మరీ మరీ చెప్పాడు. రేడియేటరులో నీళ్లు చూసుకో.

ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు గూడు విరగబట్టే గాలి లాగక ఇంజను మరుగుతోందట. దానికోసం నువ్వు బందరు వెళ్లావు గానీ, ఊరంతా వెతికినా అలాంటిది దొరకదని ఆచారి అన్నాడు. అందుకని నాటకంలో నీ దుర్యోధనుడి సింహాసనం వెనక రేకు కోయించి బిగించేశాం. కోప్పడకు.

"రాజుగారు ఊరుకుంటాడా అమ్మా?" అని ఆచారి కత్తెర పట్టుకుని నిలబడిపోయాడు.

"మీ రాజుగారు కౌతవరం నుంచి బస్సు నెట్టుకుంటూ వచ్చాడు నాయనా, నువ్వు కొయ్యి" అన్నాను. నవ్వలేక చచ్చాడు. తర్వాత చాలాసేపు ఇంజను ఆడించి చూశాడు. మరగలేదు!

బంటుమిల్లిలో ఈ రాత్రి ఆట కూడా తప్పిపోతే బస్సు అమ్మేసి కిళ్లీకొట్టు పెట్టుకుంటానన్నావు. ఆ మాటకి నాకు అన్నం సయించలేదురా. మన పొయ్యీ పడకా అన్నీ అందులోనేగా. ఇంకెప్పుడూ అలా అనకు.

నేనూ మన నాటకం నాగరత్నమూ సర్వీసు బస్సులో ముందు వెళ్తున్నాం. నా పెళ్లి పట్టుచీర పెట్టెలో ఊరికే పడుంది. దాన్ని కుర్చీకి చుట్టి నీకు సింహాసనం చేస్తాం. పులిహోర గూట్లో ఉంది, తిని బయల్దేరు.

అమ్మ

బండి బాగా నడుస్తోంది కదా అని దారి పొడుగునా పద్యాలు ఎత్తుకోకు. గొంతు రాత్రికి ఉంచుకో.