బిడ్డ పోలిక

లతా,

నువ్వు పోయిన ఇన్నేళ్లకు మీ నాన్న మస్కట్ వదిలి కోరుట్లకు వచ్చేశాడు. గుండెకు స్టెంట్ పడింది. జుట్టు రాలిన ఏడాది పిల్లవైన నిన్ను చూసి "గీ పిల్ల నా పోలిక గాదు" అని సెలవు మధ్యలోనే వెళ్లిపోయిన మనిషి.

నీ మీద వార్త రాసినవాణ్ని కదా, నన్ను పిలిపించి, నిన్ను చిన్నప్పుడే ముసలిదాన్ని చేసిన ప్రొజీరియా అంటే ఏమిటని అడిగాడు. డాక్టర్లు చెప్పిందే చెప్పాను. నీ ఒంట్లో ఎక్కువగా తయారైన చెడ్డ ప్రొటీన్ అందరి ఒంట్లోనూ కొద్దికొద్దిగా తయారవుతుంది. ముసలితనానికి అదొక్కటే కారణం కాదు గానీ, ముసలితనం మాత్రం అందరికీ వచ్చేదే.

బస్సులో "అవ్వా, కూసో" అన్న కండక్టర్‌తో నువ్వన్నదీ అదే: "నాకు జల్ది అచ్చింది, నీకు నిమ్మళంగ అస్తది అన్నా."

మీ నాన్న టోపీ తీసి, నీ ఫొటో పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. బట్టతల, లోతుకు పోయిన చెంపలు.

"సూడు సారూ, బిడ్డ పోలిక నాకచ్చింది."