అమ్మాయి చదివేసింది, వదినా

వదినా,

నువ్వు ఫోనెత్తడం లేదు, అందుకే రాస్తున్నాను. మొన్న ఆదివారం గ్రంథాలయంలో మన పుస్తక చర్చకి వచ్చి, ఆ నవల బల్ల మీద పడేసి, "ఇలాంటివి ఆడపిల్లల కంట పడకూడదు" అని నువ్వు వెళ్ళిపోయాక మేమంతా చాలాసేపు వాదించుకున్నాం. తెల్లవాళ్ళ మధ్య నల్లగా పుట్టిన పాపానికి మనుషుల్లోకి రావడమే మానేసిన ఆ పిల్ల కథ చదివి టైలరమ్మకి అన్నం సయించలేదట. "ఏడిపించడానికేనా పుస్తకాలు?" అని ఆవిడ కోపం. లెక్కల మాస్టారేమో, "పుండుని గుడ్డతో కప్పేస్తే మానుతుందా అమ్మా?" అన్నారు.

అంతలో నువ్వు మరిచిపోయిన గొడుగు కోసం మీ అమ్మాయి వచ్చింది. బల్ల మీద పుస్తకం చూసి, "ఇదా? నేను చదివేశా అత్తా. అమ్మ చీరల కింద దాచింది, అక్కడే దొరికింది" అంది. అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం.

"బాధ కలగలేదా తల్లీ?" అన్నాను.

"కలిగింది. కానీ ఇన్నాళ్ళూ నాకొక్కదానికే ఇలా అనిపిస్తుందనుకున్నా."

టైలరమ్మ కుర్చీ జరిపి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. వచ్చే ఆదివారం కూడా వస్తానంది నీ కూతురు. దాన్ని తిట్టకు వదినా.

కాపురానికి వచ్చిన కొత్తలో నీ రంగు గురించి మా అమ్మ అన్న మాటలు, నువ్వు కొళాయి తిప్పుకుని ఏడవడం నాకు తెలుసు. దానికి తెలియదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అమ్మ కూడా ఇది చదివి ఏడ్చిందా అత్తా?" అని అడిగింది.

"అమ్మనే అడుగు" అని పంపాను. ఆ మాట నీ నోట వింటేనే దానికి ధైర్యం.

నీ ఆడపడుచు