పై అంతస్తుతో పోట్లాట

చెల్లెమ్మకు,

నీ దగ్గరికొచ్చి ఉండమన్నావు, ఇప్పట్లో రాలేనమ్మా.

మా పై అంతస్తులో యోగా క్లాసు పెట్టారు. పొద్దున్నే నా నెత్తిమీద దబదబలు! పోట్లాడదామని వెళ్తే, నేను నోరు తెరిచేలోపే టీచరమ్మ "రండి బాబాయ్ గారూ, చాప వేసుకోండి" అంది. కుట్టుమిషను మీద పనిచేసి చేసి అరవై ఏడేళ్ళకు వంగిపోయిన నడుము నాది. శవాసనం ఒక్కటే కుదిరింది, గురకపెట్టి నిద్రపోయాను. లేచేసరికి క్లాసు అయిపోయి గంటయింది. క్లాసుకొచ్చిన తొమ్మిది మందీ గుసగుసలాడుకుంటూ కూర్చునే ఉన్నారు. "లేపడానికి మనసొప్పలేదండీ" అంది వాళ్ళలో ఒకావిడ, నర్సమ్మ. మీ వదిన పోయాక అంత నిద్ర పట్టడం అదే మొదలు.

అప్పట్నుంచీ రోజూ వెళ్తున్నాను, నిన్న మాత్రం వెళ్ళలేదు. ఎనిమిదింటికల్లా అందరూ వెతుక్కుంటూ వచ్చి, "ఒంట్లో ఎలా ఉంది?" అంటూ మంచం చుట్టూ చేరారు. బద్ధకించానని చెప్పలేక, వాళ్ళు తెచ్చిన చేదు మందంతా గుటకేశాను.

మీ అన్నయ్య