హాజరులో వదిలిన పేరు

హిందూపురం, 9-2-1938

చిరంజీవి చిన్నప్పకు,

ఇక్కడ నేనూ, నీ కూతురు రామాంజినమ్మా క్షేమం. నిన్న ట్రైనింగు స్కూలులో అది పిల్లలకు పాఠం చెప్పే పరీక్ష. హాజరు పిలుస్తూ నాగభూషణం అనే పిల్లవాడి పేరు వదిలేసింది. నిరుడు పోయిన మన అల్లుడి పేరూ అదే కదా. “నన్ను పిల్సలేదేమక్కా? ఈడే ఉండా కదా!” అని ఆ పిల్లవాడు లేచాడట. ఇక పాఠం సాగలేదు. సోమవారం మళ్ళీ చెప్పాలి. అప్పుడూ తప్పితే ఇంటికి పంపేస్తారు.

మగని పేరు ఎత్తరాదని దానికి నేర్పింది నేనే. ఇప్పుడు పలకమంటే, “నోరు రాలేదవ్వా” అని ఏడ్చింది. చివరకు ముందు నేను నా మగని పేరు, అదే మీ నాయన పేరు, పలికాను. తర్వాత అది దాని మగని పేరు పలికింది.

మీ దగ్గర వదిలిన దాని పాపకు దగ్గు తగ్గిందా? చన్నీళ్ళు పోయకండి. పాపకు దాని తండ్రి పేరు నేర్పండి. మనింట్లో ఎవరమూ ఆ పేరు ఎత్తడం లేదు.

అందరికీ ఆశీస్సులు.
మీ అమ్మ, తిప్పమ్మ