వరుస తప్పినందుకు

1997 నవంబరు 10, మంగళగిరి

కేడెట్ క్యాంపు. మా కాలేజీలో ఫస్టియర్ అమ్మాయిలందరికీ తప్పనిసరి — రాకపోతే అటెండెన్స్ లేదు, పరీక్ష లేదు. బడి గదుల్లో చాపలు. నా పక్క చాప షాహీన్‌ది. వాళ్ల నాన్నకి విజయవాడలో టైలరింగ్ షాపు. నా ఖాకీ ప్యాంటు జారిపోతోందని తనే కుట్టి బిగించింది. "మీ కంకిపాడులో అన్నం పెట్టరా ఏంటే నీకు?" అంది.

నవంబరు 12

బూట్లు కరుస్తున్నాయి. మడమలు రెండూ పుండ్లు. షాహీన్ కొబ్బరినూనె రాసింది. నేను అడగలేదు.

నవంబరు 14

షాహీన్‌కి జ్వరం. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. క్యాంపు చూసే లెక్చరర్ మేడంకి నేనే చెప్పాను. నుదుటి మీద చెయ్యైనా వెయ్యలేదు ఆవిడ. "ఎండలో నిలబడమంటే అందరికీ జ్వరాలే."

నిలబెట్టారు. నా ముందు వరుసలో షాహీన్ — తూలుతోంది. ఆర్డర్ లేకుండా కదలకూడదు. కదిలాను. తల నేలకి తగలకముందే పట్టుకున్నాను.

అది తప్పట. "వరుస ఎవరు తప్పమన్నారు? రేపు అందరి ముందూ క్షమాపణ చెప్పు. లేకపోతే ఇద్దరికీ అటెండెన్స్ ఉండదు."

పడిపోనివ్వాలా మరి?

చెప్పను.

నవంబరు 15

చెప్పింది — నేను కాదు, షాహీన్. నేను నోరు తెరిచేలోపే ముందుకి నడిచి, "నేనే పిలిచాను మేడం. తన తప్పేం లేదు, క్షమించండి" అంది. అబద్ధం. కళ్లు తిరిగి పడిపోయే మనిషి ఎవర్ని పిలుస్తుంది? మేడం తృప్తిగా తల ఊపింది. ఒళ్లు మండిపోయింది నాకు. షాహీన్ మీద ఇంకా ఎక్కువ.

పంపు దగ్గర నిలదీశాను. కంచం కడుగుతూనే, "నీ పరీక్ష పోతే?" అంది.

"నా పరీక్ష సంగతి నేను చూసుకుంటా. నిన్నెవరు తలొంచమన్నారు?"

కంచం దులుపుకుని వెళ్లిపోయింది. సాయంత్రం దూరంగా కూర్చుని తిన్నాను.

నవంబరు 17

రేపు ముగింపు పరేడ్. ప్రిన్సిపాల్ గారు వస్తారట. జరిగిందంతా ఆయనకి చెప్పేస్తానన్నాను. షాహీన్ నా మణికట్టు పట్టుకుంది. "వద్దే సునీతా. ఈ గొడవ ఇంటిదాకా వెళ్తే మా అబ్బా కాలేజీ మాన్పిస్తాడు. నన్నిక్కడికి పంపడానికే అమ్మీ ఎంత బతిమాలిందో."

పడిపోయింది తను. తల వంచిందీ తనే. ఇప్పుడు భయపడాల్సిందీ తనేనా? ఇదేం న్యాయం?

నవంబరు 18

ప్రిన్సిపాల్ గారు వరుస వెంట నడుస్తూ నా ముందు ఆగారు. "ఇబ్బందులేమైనా ఉన్నాయామ్మా?" వెనకే మేడం. నా పక్కన షాహీన్, ఊపిరి బిగపట్టి.

"ఏం లేవండీ" అన్నాను.

బస్సులో వారధి దాటాక షాహీన్ నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకోలేదు. తన వైపు చూడనూ లేదు.

ఇంటికొచ్చినా కోపం చల్లారలేదు. రేపు కాలేజీ. ప్రిన్సిపాల్ గారి గది దాటే క్లాసుకి వెళ్లాలి... షాహీన్‌తో కలిసి.