తనకల్లు ముప్పై ఒకటి

హిందూపురం,
14 నవంబరు 2009.

అమ్మకు షహీన్ సలాములు. నేనూ, అన్వర్ అన్న ఇంట్లో అందరమూ కులాసా. నాయన దగ్గు తగ్గిందని ఆశిస్తున్నాను. వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను.

కుళ్ళాయమ్మవ్వ బస్సు కోసం పొద్దున్నుంచి ఏమీ తినకుండా కూర్చుందని రాశావు. "ముప్పై ఒక్కమందిని రాసినాను, వాళ్ళకి ఏం జవాబు చెప్పాల? నేను రాసింది తప్పా?" అని అడిగావు. దానికి జవాబు ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను.

నీలాంటివాళ్ళు ఇల్లిల్లూ తిరిగి రాసిచ్చిన పేర్లు ఇరవై అయిదుంటేనే ఆ ఊరికి కంటి శిబిరం బస్సు. ఊరివారీగా పేర్లు లెక్కపెట్టే ప్రోగ్రాం నాది. ఆ పేర్లన్నీ దాచి ఉండే డేటాబేస్‌ను నేను నేరుగా అడగను. ఓఆర్ఎం అనే పనిముట్టుకు చెబితే అదే ప్రశ్న తయారుచేసి అడుగుతుంది. పేర్లను ఊరివారీగా గుంపులు చేసి, గుంపుకు ఎందరో లెక్కపెట్టమన్నాను. పేర్లు తేదీ వరుసలో కనబడాలని అంతకుముందు నేనే పెట్టిన ఏర్పాటు ఆ ప్రశ్నలోకీ చేరింది. దాంతో ఊరూ తేదీ కలిపి గుంపులయ్యాయి. మిగతా ఊళ్ళవాళ్ళు ఒక్క రోజులో రాసిచ్చారు, వాళ్ళ లెక్క చెడలేదు. నువ్వు మూడు రోజులు తిరిగావు. మన తనకల్లు ఎనిమిది, పద్నాలుగు, తొమ్మిదిగా విడిపోయింది. నా పేజీ ఊరికి ఒక్క అంకే చూపుతుంది. చివరి తొమ్మిదే మిగిలింది. ఇరవై అయిదు లేవని బస్సు పంపలేదు.

ఇదంతా నిన్న తెలిసింది. దానికి ముందు జరిగింది చెప్పాలి. బస్సు రాలేదని నువ్వు ఫోన్ చేసిన రోజు, శిబిరాల పనంతా చూసే మా తిమ్మప్ప సారు నన్ను పిలిచి, "ఏమ్మా, కంప్యూటర్‌ది తప్పా, మీయమ్మది తప్పా?" అన్నారు. నేను నీ కాగితాలు తీసి చూడలేదు. "కంప్యూటర్ తప్పు లెక్కపెట్టదు సార్. మాయమ్మ అయిదో తరగతే చదివిండాది, సరిగా రాసుండదు" అన్నాను. నిన్ను పనిలోంచి తీసేసింది ఆ మాట మీదే.

నిన్న నీ కాగితాలు తీసి వేలు పెట్టి లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ఒక్క పేరూ తప్పు లేదు. లెక్కకు ముందు తేదీ వరుసను తీసేయమని ప్రోగ్రాంలో ఒక్క మాట చేర్చాను. అదీ ముప్పై ఒకటే అంది.

తప్పు నాదని సారుకు రాసిచ్చాను. గురువారం బస్సు వస్తుంది. నిన్ను మళ్ళీ తీసుకుంటారో లేదో ఆయన చెప్పలేదు.

ఆ బస్సులో నేనూ వస్తున్నాను. ఆ ముప్పై ఒక్కమందికీ నేనే చెబుతాను. అప్పుడు నువ్వు నా పక్కన నిలబడనక్కరలేదు.

ఇట్లు,
నీ మాట నమ్మని నీ కూతురు,
షహీన్