సింగపూరుకు పోయే పేరు

అన్నకు,

మీ ఇంట్లో మిగతావాళ్లు తమిళమే చదువుతారు, తెలుగు చదవగలిగేది నువ్వొక్కడివే కాబట్టి దాపరికం లేకుండా రాస్తుండా. ఎదురుగా చెప్తే నువ్వు మాట పూర్తి కానియ్యవు.

సముద్రం ఊళ్లను మింగడం గురించి సింగపూరులో జరిగే బడిపిల్లల సమావేశానికి, నా క్లాసులోని తేన్మొళి పేరు తీసేసి నీ కూతురు సుధ పేరు రాయమని కబురు పంపినావు. నువ్వు బడి కమిటీలో ఉండావు, నేను అక్కడ టీచర్ని. అయినా రాయను.

సుధ ఇంగ్లీషు చక్కగా మాట్లాడతాది, కాదనను. పోయిన వారం ఇద్దరినీ కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగినా: తేన్మొళి వాళ్లుండే జాలరిపేట వైతికుప్పంలో సముద్రం ఎంత లోపలికి వచ్చింది? సుధ నా పెదాల వైపు చూసింది. ఆరేళ్లుగా ప్రతి వార్షికోత్సవంలో స్టేజీ కింద నిలబడి దానికి మాటలు అందించింది నేనే. తప్పు నాది.

తేన్మొళి వచ్చీరాని ఇంగ్లీషులో, "తెలీదు మిస్, రేపు చెప్తా" అనింది. ఆ సాయంత్రం వాళ్ల తాత తాడు కొస పట్టుకొని, సముద్రంలో మునిగిపోయిన తన పాత ఇల్లు ఉండిన చోటుదాకా ఈదినాడంట. ఈ పిల్ల ఒడ్డున నిలబడి ఇంకో కొస పట్టుకుంది. మరుసటి రోజు ఆ దూరం కొలిచిన తడితాడు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

ఇంకా మూడు వారాలుంది. ఇంగ్లీషు నేను నేర్పిస్తా.

సుధకు ఎట్లా చెప్పేదని బాధపడొద్దు. సింగపూరుకని నువ్వు కొనిచ్చిన నీలం సూట్‌కేసును పొద్దున సుధే బడికి మోసుకొచ్చింది. లోపల ఆ తాడు చుట్టి పెట్టి, పైన తేన్మొళి పేరు అంటించింది.

నీ చెల్లెలు